కీర దోసలో నిమ్మగడ్డి నూనె: బూడిద తెగులు లొంగింది, బూజు తెగులు లొంగలేదు

పంట తెగుళ్ళకు సుగంధ తైలాలు వాడవచ్చా అని రైతులు నన్ను అడగడం ఇటీవల బాగా పెరిగింది. నిమ్మగడ్డి నూనె, లవంగ నూనె, వాము నూనె, యూకలిప్టస్ నూనె, వీటిలో ఏది కొడితే ఏ తెగులు పోతుందో ఒక్క మాటలో చెప్పమంటారు. నూనె పేరు చెప్పి ఊరుకుంటే ఆ ప్రశ్నకు జవాబు పూర్తి కాదు. తెగులు తెచ్చే జీవి ఆకులో ఏ చోట బతుకుతోంది, మనం కొట్టే నూనె ఆ చోటికి చేరుతుందా లేదా అన్నది తేలాకే మోతాదు గురించి మాట్లాడాలి. ఈ సంగతిని నేను చూసిన కేసులన్నిటిలోకీ స్పష్టంగా చూపింది ఒక కీర దోస పాలీహౌస్. అక్కడ ఒకే కప్పు కింద, ఒకే పంట మీద, ఒకే నూనె ఒక తెగులును నిలబెట్టింది, ఇంకో తెగులు ముందు ఏ పనీ చేయలేకపోయింది. రైతు అనుమతితో, ఆయనను గుర్తుపట్టగల వివరాలు తీసివేసి, ఆ కేసును ఇక్కడ నమోదు చేస్తున్నాను.

నేపథ్యం

హైదరాబాదుకు పడమటి వైపున ఉన్న ఒక మండలంలో అర ఎకరం పాలీహౌస్ అది. రైతు చాలా ఏళ్ళు ఆరుబయట టమాటా, కాలీఫ్లవర్ పండించి, తర్వాత సబ్సిడీ మీద పాలీహౌస్ వేసుకున్నారు. కొంతకాలం క్యాప్సికం వేసి, ఆ పైన కీర దోసలోకి మారారు. వేసిన రకం గింజ కట్టనిది, పరాగసంపర్కం అక్కరలేనిది, కాబట్టి పాలీహౌస్‌లో తేనెటీగల అవసరం లేదు. తీగలను తాళ్ళ మీద నిలువుగా పాకించి, పక్క కొమ్మలు తుంచేస్తారు. కాపు మొదలయ్యాక రోజు విడిచి రోజు కోత పడుతుంది. సరుకు నగరంలోని సూపర్ మార్కెట్లకు కూరగాయలు సేకరించి ఇచ్చే ఒక సంస్థకు వెళుతుంది. ఆ సంస్థ పురుగుమందుల అవశేషాలకు పరీక్షలు చేయిస్తుంది. అంతకు ముందు పంటలో ఒక లోడు ఆ పరీక్షలో నిలవక తిరిగి వచ్చింది.

ఆయన సుగంధ తైలం వైపు చూడడానికి అసలు కారణం ఆ తిరిగి వచ్చిన లోడే. అంతర్వాహిక శిలీంద్రనాశినులు, అంటే మొక్క లోపలికి ప్రయాణించి పనిచేసే మందులు, చాలావాటికి పిచికారీ తర్వాత కోతకు కొన్ని రోజులు ఆగమని లేబుల్ మీద రాసి ఉంటుంది. రోజు విడిచి రోజు కోసే కీర దోసలో అన్ని రోజులు ఆగితే కాయలు ముదిరిపోయి అమ్మకానికి పనికిరావు, ఆగకుండా కోస్తే లోడు వెనక్కి వస్తుంది. దీనికి తోడు, బూడిద తెగులుకు ఆయన రెండు పంటలుగా ఒకే వర్గానికి చెందిన మందును మళ్ళీ మళ్ళీ కొడుతూ వచ్చారు. దోస జాతి పంటల బూడిద తెగులు శిలీంద్రం ఇలా ఒకే వర్గం మందుకు అలవాటుపడి నిరోధకత తెచ్చుకోవడంలో పేరుమోసినది. మందు ముందులా పనిచేయడం లేదని ఆయన అప్పటికే గమనించారు.

నన్ను పిలిచేసరికి ఏం జరిగింది

చలి ముదిరిన రోజులవి. నూనె కొట్టాక ఆకులు మాడిపోయాయని, తెగులు మాత్రం తగ్గలేదని ఫోన్ వచ్చింది. బజారులో దొరికిన నిమ్మగడ్డి నూనెను లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున, గిన్నెలు తోమే ద్రవంతో కలిపి, మధ్యాహ్నం ఎండలో పవర్ స్ప్రేయర్‌తో కొట్టారట. తోటలోకి అడుగుపెట్టగానే నిమ్మగడ్డి వాసన ముక్కును తాకింది. ఆయన మొదటి మాట కూడా ఆ వాసన గురించే. “వాసన గింత గట్టిగ వస్తుంది సార్, పని చేస్తలేదంటే ఎట్లా?” అన్నారు. నిజానికి, గాలిలో వాసన ఎంత గట్టిగా వస్తే ఆకు మీద నుంచి నూనె అంత వేగంగా వెళ్ళిపోతోందని అర్థం. సుగంధ తైలాల బలమూ బలహీనతా ఈ ఒక్క గుణంలోనే ఉన్నాయి. ఆవిరైపోతాయి కాబట్టి కాయ మీద అవశేషం దాదాపు మిగలదు, అదే కారణంతో ఆకు మీద కాపలా కూడా ఎక్కువ సేపు ఉండదు.

ఆయన దృష్టిలో సమస్య ఒక్కటే, అది “తెగులు”. నేను చూసినప్పుడు మూడు వేర్వేరు సంగతులు కలగలిసి ఉన్నాయి.

పాత ఆకుల మీద, కాడల మీద పిండి చల్లినట్టున్న తెల్లని మచ్చలు కనిపించాయి. వేలితో రుద్దితే పొడి వేలికి అంటుకుని, దాని కింద ఆకు ఇంకా పచ్చగానే ఉంది. ఇది బూడిద తెగులు. పోడోస్ఫేరా క్సాంథీ అనే ఈ శిలీంద్రం తన ఒంటినంతా ఆకు పైనే పరుచుకుని, ఆహారం పీల్చుకునే చిన్న పీచులను మాత్రం పై పొర కణాలలోకి దింపుతుంది. రెండోది, మధ్య ఆకుల మీద ఈనెల మధ్య గిరిగీసినట్టు కోణాలుగా ఉన్న పసుపు మచ్చలు. ఇది బూజు తెగులేమోనని అనుమానించి, అలాంటి ఆకులు కొన్ని తడి కాగితంతో సహా ప్లాస్టిక్ సంచిలో పెట్టి రాత్రంతా ఉంచమన్నాను. తెల్లవారి చూస్తే మచ్చల అడుగున బూడిద ఊదా రంగు బూజు లేచింది. సూడోపెరోనోస్పోరా క్యూబెన్సిస్ అనే ఈ జీవి ఆకు లోపలి కణజాలంలో పెరిగి, పత్రరంధ్రాల గుండా అడుగు వైపుకు మాత్రమే తల బయటపెడుతుంది. అసలైన శిలీంద్రాల కుటుంబానికి కూడా ఇది చెందదు. నాచు జాతులకు దగ్గరి బంధువు.

మూడోది ఆకు మాడు. అంచులు, కొనలు కాలినట్టు గోధుమ రంగుకు తిరిగి, మచ్చలు నీరు చిమ్మినట్టు అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఇది తెగులు కాదని నమ్మడానికి మచ్చల తీరు కంటే అవి పడ్డ చోటు ఎక్కువ సాయపడింది. మాడు అన్ని సాళ్ళలోనూ లేదు. కొన్ని సాళ్ళ చివర కొన్ని మొక్కలు తీవ్రంగా మాడి ఉన్నాయి, తర్వాత చాలా దూరం ఏమీ లేదు, మళ్ళీ కొన్ని మొక్కలు మాడాయి. పిచికారీ చేసిన కుర్రవాడిని పిలిచి, ఏ సాలు నుంచి మొదలుపెట్టి ఎక్కడెక్కడ ట్యాంకు నింపాడో నడిచి చూపించమన్నాను. మాడిన మొక్కలన్నీ ట్యాంకు అడుగంటిన చోట్లే. నీటిలో సరిగా కలవని నూనె చారు మీది తాలింపు నూనెలా పైకి తేలింది, స్ప్రేయర్ గొట్టం అడుగు నుంచి నీటిని పీల్చింది. మొదటి మొక్కలకు దాదాపు మంచినీళ్ళు దక్కాయి, చివరి మొక్కలకు చిక్కటి నూనె పడింది. తెగులు తగ్గకపోవడానికీ ఆకు మాడడానికీ మూలం ఒకటే: ట్యాంకులో నూనె సమంగా కలవలేదు.

నూనెను మానేయడమా, సరిచేయడమా

ఇక్కడ మొదటి నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. నూనెను పక్కన పెట్టి, రెండు తెగుళ్ళకూ నమోదైన మందులు కొట్టి, కొన్ని కోతలు వదులుకోమని చెప్పడం నాకు తేలిక. ఆ దారి తీసుకోకపోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, బూడిద తెగులు పంట చివరి వరకూ తిరిగి తిరిగి వచ్చేదే, ప్రతిసారీ కోత ఆపడం ఆ రైతుకు సాధ్యం కాదు. రెండోది, సుగంధ తైలం పనిచేయడానికి అనువైన తెగులు ఏదైనా ఉందంటే అది బూడిద తెగులే. నిమ్మగడ్డి నూనెలోని సిట్రాల్, వాములోని థైమాల్, లవంగంలోని యూజినాల్ వంటి పదార్థాలు కొవ్వులో కరిగేవి. అవి శిలీంద్ర కణాల పొరలోకి చొచ్చుకుపోయి, ఆ పొరను చిల్లులుపడేలా చేసి, లోపలి లవణాలు బయటికి కారిపోయేలా చేస్తాయి. తాకితే చంపుతాయి, తాకకపోతే లేదు. శిలీంద్రం ఒళ్ళంతా ఆకు మీదే బయటపడి ఉంటే దాన్ని తాకడం సాధ్యమే.

అయితే మొక్క కణాలకు ఉన్నది కూడా అలాంటి పొరే. శిలీంద్రాన్ని చంపే మోతాదుకూ ఆకును కాల్చే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. సుగంధ తైలాల వాడకంలో కష్టమంతా ఈ ఇరుకు సందులో నడవడమే. కాబట్టి మోతాదు తేల్చే ముందు నూనె నాణ్యత తేల్చాలని పట్టుబట్టాను. బజారులో నిమ్మగడ్డి నూనె పేరుతో అమ్మే వాటిలో కల్తీ ఎక్కువ. మంచి నూనెలో 70 శాతానికి పైగా సిట్రాల్ ఉండాలి. సీసాలోది ఎంతో తెలియకుండా లీటరుకు ఇన్ని మిల్లీలీటర్లని చెప్పడం గుడ్డి లెక్క అవుతుంది. ఆ పాత సీసాను పక్కన పెట్టించి, నిమ్మగడ్డి సాగుచేసి స్వయంగా బట్టీ పెట్టుకున్న ఒక రైతు నుంచి, నూనెలో ఏ పదార్థం ఎంత ఉందో చెప్పే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష నివేదిక ఉన్న నూనె తెప్పించాం. ముదురు రంగు సీసాలలో, మూత బిగించి, చీకటి గదిలో పెట్టించాం. వెలుతురు, గాలి తగిలితే సిట్రాల్ ఆక్సీకరణ చెంది, నూనె బలం తగ్గడమే కాక ఆకుకూ చర్మానికీ మంట పెంచుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. మన దేశంలో ఒక పదార్థాన్ని పురుగుమందుగా అమ్మాలంటే 1968 నాటి కీటకనాశినుల చట్టం కింద నమోదు కావాలి. మేము తెచ్చిన నూనె సబ్బులకు, అత్తర్లకు అమ్మేది. దాని సీసా మీద పంట పేరు, మోతాదు, కోతకు ఆగాల్సిన గడువు ఏవీ లేవు. అలాంటప్పుడు వాడేవారిపై బాధ్యత రెట్టింపు అవుతుంది. కింద నేను రాసిన మోతాదులు ఆ రకం మీద, ఆ వాతావరణంలో, ఆ నూనెతో తేలినవి. ఇంకో తోటకు అవి సిఫార్సులు కావు.

కలపడంలో తేలిన సంగతులు

ముందుగా సబ్బు. పొటాష్ సబ్బుతో నూనె కలపడం చాలామంది చేసే పని, రైతుకూ అదే నచ్చింది. గాజు సీసాలో ఆ తోట బోరు నీరు పోసి, సబ్బు, నూనె వేసి బాగా కుదిపాం. ముందు పాలలా తెల్లబడింది, కాసేపటికే విరిగిన పాలలా తరకలు కట్టింది. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు వాటితో చేరి ముద్దకట్టి, నూనెను పట్టి ఉంచే శక్తిని కోల్పోయింది. రైతు మొదట వాడిన గిన్నెల ద్రవం గట్టి నీటిలోనూ నురగ ఇస్తుంది గానీ, దానిలోని డిటర్జెంట్ ఆకు మైనపు పొరను కడిగేస్తుంది, దాంతో నూనె కాటు ఇంకా లోతుగా దిగుతుంది.

తర్వాత కుంకుడు రసం. కుంకుడులో నురగ ఇచ్చే సపోనిన్లు గట్టి నీటికి తట్టుకుంటాయి, సబ్బులా విరగవు. కలయిక సబ్బుతో చేసినదాని కంటే చాలా నయంగా నిలిచింది. కానీ ప్రతిసారీ కాయలు నానబెట్టి, పిసికి, వడగట్టిన రసం ఒకే చిక్కదనంతో రావడం లేదు, సరిగా వడగట్టకపోతే నాజిల్ మూసుకుపోతోంది. ఇంటి పెరటికి అది చక్కగా సరిపోతుంది. అర ఎకరం తోటకు, అందులోనూ మోతాదు ఇంత ఇరుకుగా ఉన్నప్పుడు, ప్రతిసారీ ఒకేలా వచ్చేది కావాలి. అందుకని చివరకు, నూనెను నీటిలో విడిపోకుండా పట్టి ఉంచే పాలీసార్బేట్ 80 అనే ఎమల్సిఫైయర్‌కు వచ్చాం. నూనెను నేరుగా నీటిలో పోయకుండా, ముందు నూనెనూ ఎమల్సిఫైయర్‌నూ పొడి గిన్నెలో బాగా కలిపి, కొద్దికొద్దిగా నీరు చేర్చి చిక్కటి పాలలా చేసుకుని, దాన్ని ట్యాంకులో పోసి కలియబెట్టాలి. పిచికారీకి ముందు ఆ ద్రావణం కొంచెం గాజు సీసాలో తీసి అరగంట నిలబెట్టి, పైన నూనె ఉంగరం కడుతుందేమో చూడాలి. ఉంగరం కనిపిస్తే ఆ ట్యాంకు తోటలోకి పోకూడదు. ఈ ఒక్క పరీక్ష అలవాటైన తర్వాత సాలు చివర మాడు మళ్ళీ రాలేదు.

మోతాదు కోసం ఒక మూల కొన్ని మొక్కలు ఎంచుకుని, లేత, మధ్య, ముదురు ఆకుల మీద వేర్వేరు బలాలు కొట్టి, రెండు రోజుల పాటు గమనించాం. లీటరుకు 3 మి.లీ. దగ్గర ముదురు ఆకులు తట్టుకున్నాయి గానీ, లేత ఆకుల అంచులు ముడుచుకుని కాలాయి. 1 మి.లీ. దగ్గర ఆకులకు ఏమీ కాలేదు, తెల్లని మచ్చలకూ పెద్దగా ఏమీ కాలేదు. 1.5 మి.లీ. దగ్గర మచ్చలలోని పొడి రంగు మారి బూడిద రంగుకు వచ్చి అణిగిపోయింది, లేత ఆకులు నిలిచాయి. అదే ఖాయం చేశాం.

వేళ గురించిన చిక్కు

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది పిచికారీ వేళ గురించి. ఎండలో కొడితే నూనె నిమిషాలలో ఆవిరైపోతుంది, వేడికి ఆకు కాలుతుంది. అందుకే నూనె పిచికారీలు సాయంత్రం చేయమని అందరూ చెబుతారు, బూడిద తెగులు ఒక్కటే ఉంటే నేనూ అదే చెప్పేవాడిని. ఇక్కడ బూజు తెగులు కూడా ఉంది. బూడిద తెగులు బీజాలు మొలవడానికి ఆకు మీద నీటి చుక్క అక్కరలేదు, గాలిలో తేమ చాలు. బూజు తెగులుకు మాత్రం ఆకు కొన్ని గంటల పాటు తడిగా ఉండి తీరాలి, చల్లని రాత్రులు దానికి మరీ అనుకూలం. సాయంత్రం నూనె కొట్టి ఆకులను తడిపి రాత్రికి వదిలితే, ఒక తెగులుకు మందు వేస్తూ రెండో తెగులుకు నీళ్ళు పోసినట్టే.

మధ్యేమార్గంగా, ఎండ తీవ్రత తగ్గాక మూడున్నర, నాలుగు గంటల మధ్య పిచికారీ మొదలుపెట్టి, పక్క కర్టెన్లు గంటసేపు దించి ఉంచి, తర్వాత ఎత్తి, చీకటి పడేలోపు ఆకులు ఆరిపోయేలా చూశాం. కర్టెన్లు దించడం వల్ల నూనె ఆవిరి ఆకుల మధ్య కాసేపు నిలుస్తుంది. పెద్ద చుక్కలు పడే నాజిల్ తీసేసి, సన్నని తుంపర పడే నాజిల్ పెట్టించడం వల్ల ఆకు అడుగు భాగం కూడా తడిసి, నీరు తక్కువ పట్టి, ఆకులు త్వరగా ఆరాయి. ఉదయం కోత పూర్తయిన రోజునే పిచికారీ చేయాలన్న నియమం కూడా పెట్టుకున్నాం. మరుసటి రోజు తెంపి చూసిన కాయలో, కడిగినా, తొక్క దగ్గర నిమ్మగడ్డి వాసన తెలిసేది. రెండో రోజు కోతకు అది నాలుకకు అందలేదు. కీర దోస పచ్చిగా తినేది కాబట్టి, అవశేష పరీక్షలో నెగ్గినా నాలుక పరీక్షలో ఓడిపోతే కొనేవారు మళ్ళీ రారు.

పనిచేయనివి

పిచికారీ లేకుండా ఆవిరితోనే పని జరపవచ్చునా అని రైతు అడిగారు. నూనెలో ముంచిన దూది వత్తులను సాళ్ళ మధ్య తాళ్ళకు వేలాడదీసి చూశాం. ఆలోచన తప్పు కాదు. మూసిన పెట్టెలలో, గదులలో పండ్లు నిల్వ చేసినప్పుడు థైమాల్, సిట్రాల్ వంటి ఆవిరులు కుళ్ళును ఆపడం ఎన్నో పరిశోధనలలో చూసిన విషయమే. కానీ పాలీహౌస్ మూసిన పెట్టె కాదు. పగటి వేడికి పై కిటికీలు తెరవక తప్పదు, తెరిస్తే ఆవిరి నిలవదు. వత్తులకు ఆనుకుని ఉన్న ఆకులు కాలాయి, రెండడుగుల అవతల తెల్లని మచ్చలు మామూలుగానే పెరిగాయి. దాన్ని అంతటితో ఆపేశాం.

బూజు తెగులు మీద నూనె ఓడిపోయిన తీరు ఈ కేసులో అసలైన పాఠం. సరైన కలయిక, సరైన మోతాదు, సరైన వేళ అన్నీ కుదిరాక కూడా కోణాల మచ్చలు పై ఆకులకు ఎక్కుతూనే వచ్చాయి. నూనెకు ఈ జాతి జీవులను చంపే శక్తి లేక కాదు. ప్రయోగశాల పళ్ళెంలో ఫైటోఫ్తొరా వంటి దగ్గరి బంధువులను సుగంధ తైలాలు బాగానే అడ్డుకుంటాయి. ఆ పళ్ళెంలో నూనెకూ జీవికీ మధ్య ఏమీ ఉండదు. తోటలో వాటి మధ్య ఆకు ఉంది. కోణపు మచ్చ కంటికి కనిపించేసరికి జీవి కొన్ని రోజులుగా లోపల తింటూ ఉంటుంది, నూనె ఆకు లోపలికి ప్రయాణించే మందు కాదు. లోపలికి దిగేంత బలంగా కొడితే ముందు ఆకే చస్తుంది. “ఇంకొంచెం ఎక్కువ పోద్దాం సార్” అని రైతు అడిగినప్పుడు, మాడిన పాత ఆకులను, బూజు ఆకులను పక్కపక్కన పెట్టి చూపించి, ఎక్కువ పోస్తే మిగిలేది ఏమిటో వివరించాను. ఆయన ఒప్పుకున్నారు.

దాంతో బూజు తెగులును నూనె లెక్కలోంచి పూర్తిగా తీసేసి, దాని బతుకుకు అవసరమైన తడిని తగ్గించే పని మీద పడ్డాం. సాయంత్రం వదులుతున్న డ్రిప్ నీటిని ఉదయానికి మార్చాం. కింది ముదురు ఆకులు తీసేసి, తోట బయట పాతిపెట్టించాం. తెల్లవారుజామున పై కప్పు లోపలి వైపు పేరుకున్న నీరు చుక్కలుగా ఆకుల మీద పడుతోంది. అది ఎక్కువగా పడుతున్న వరుసలలోనే మచ్చలు ముందు వచ్చాయని గమనించి, పాలిథీన్ జారిన చోట బిగించి, పొద్దు పొడవగానే కిటికీలు తెరిచి తేమ బయటికి పోయేలా చేశాం. దీనితో తెగులు వేగం తగ్గింది గానీ ఆగలేదు. అప్పటికి పట్టిన ఆకులు ఎక్కువ. చివరకు బూజు తెగులుకు నమోదైన మందు ఒక్కసారి కొట్టి, లేబుల్ మీది గడువు పూర్తయ్యేదాకా కోసిన కాయలను అమ్మకుండా పారబోయాలని నేను సూచించాను. సుగంధ తైలంతో మొదలుపెట్టిన రైతుకు అది మింగుడుపడని మాట. ఒక వారం కాయలు పోవడమా, తోట మొత్తం పోవడమా అన్నదే అప్పటి ప్రశ్న. ఆయన వారం కాయలను వదులుకున్నారు. తడి తగ్గించే పద్ధతులు కొనసాగడం వల్ల ఆ మందు రెండోసారి కొట్టాల్సిన అవసరం రాలేదు.

పనిచేసినవి

బూడిద తెగులు మీద నూనె ఫలితం నిజమా, వాతావరణం మారడం వల్ల వచ్చిందా అని తేల్చుకోవడానికి, గాలి వాలుకు అవతలి వైపున ఉన్న రెండు సాళ్ళను నూనె లేకుండా, ఎమల్సిఫైయర్ కలిపిన నీటితో మాత్రమే పిచికారీ చేయించాం. ఎమల్సిఫైయర్ ఒక్కటే తెల్లని పొడిని కొంత కడిగేస్తుంది కాబట్టి, ఉత్త నీటితో పోల్చితే నూనె గొప్ప ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉంది. గుర్తు కట్టిన ఆకులను వారం వారం చూశాం. నూనె పడ్డ సాళ్ళలో కొత్తగా విచ్చుకున్న ఆకులు శుభ్రంగా నిలిచాయి, పాత మచ్చలు బూడిద రంగుకు మారి విస్తరించడం ఆగింది. నూనె లేని సాళ్ళలో తెలుపు కింది నుంచి పైకి ఎక్కి, కాడలకు కూడా పట్టింది. అదే సమయంలో, అప్పటికే సగానికి పైగా తెల్లబడిన ఆకులు నూనెతో కోలుకోలేదు. అలాంటి ఆకులను ముందు తీసేసి, తర్వాత పిచికారీ చేయడమే మేలని తేలింది. పండగ సెలవులకు పనివారు రాక ఒక పిచికారీ తప్పిపోయినప్పుడు, పది రోజులు గడవకుండానే తెల్లని చుక్కలు మళ్ళీ పుట్టాయి. అందుకని వారం ఎడం దాటకూడదని నిర్ణయించాం. మొదటి చుక్క కనిపించిన రోజునే మొదలుపెట్టడం మోతాదు కంటే ముఖ్యమైనది.

నూనె ఒక్కదానితోనే పంట చివరి వరకూ లాగలేదు. ఒక పిచికారీ నూనె, తర్వాతి పిచికారీ పొటాషియం బైకార్బొనేట్, ఇలా మార్చి మార్చి కొట్టాం. రెండూ తాకితేనే పనిచేసేవి, రెండూ పనిచేసే దారులు వేరు, దేని వల్లా కోత ఆపాల్సిన అవసరం రాలేదు. గంధకం చవకైనది, బూడిద తెగులుకు పాత మందు, కానీ దాన్ని ఈ వరుసలోకి రానివ్వలేదు. నూనె పిచికారీకి దగ్గరి రోజులలో గంధకం కొడితే ఆకులు కాలుతాయి, రెండిటి మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి. పైగా దోస జాతి మొక్కలు ఎండ ముదిరిన రోజులలో గంధకాన్ని తట్టుకోలేవు. డ్రిప్ ద్వారా వేళ్ళకు ఇస్తున్న ట్రైకోడెర్మాను ఆపలేదు. నూనె ఆకు మీదే పడుతుంది కాబట్టి మట్టిలోని మేలు శిలీంద్రానికి దెబ్బ తగలదు. అదే బాసిల్లస్ వంటి జీవ మందులను ఆకు మీద కొట్టేవారయితే, నూనెతో ఒకే ట్యాంకులో కలపకూడదు. చెడ్డ శిలీంద్రం పొరకూ మంచి బాక్టీరియా పొరకూ నూనె తేడా చూడదు.

ఖర్చు విషయానికి వస్తే, అర ఎకరానికి 150 లీటర్ల ద్రావణం పట్టింది, అంటే పిచికారీకి 225 మి.లీ. నూనె. అది తెగుళ్ళ మందు కంటే చవకేమీ కాదు, పైగా వారం వారం కూలీ ఖర్చు ఉంది. కోత ఆగకపోవడం, లోడు తిరిగి రాకపోవడం లెక్కలో వేసుకుంటేనే అది గిట్టుబాటైంది. ఆరుబయట, పదిహేను రోజులకోసారి కోసే పంటలో ఈ లెక్క నిలవదు.

పిచికారీ చేసే మనిషి గురించి కూడా ఆలోచించాలి. సహజమైనది కాబట్టి ఏమీ కాదనుకుని కుర్రవాడు మొదట్లో చేతులతోనే నూనె కలిపాడు. సిట్రాల్ చర్మానికి అలర్జీ తెచ్చే పదార్థం. అతని ముంజేతుల మీద ఎర్రని దద్దుర్లు వచ్చాయి. చేతి తొడుగులు, కళ్ళద్దాలు, పొడవు చేతుల చొక్కా తప్పనిసరి చేశాక అవి తగ్గాయి. స్ప్రేయర్ లోపలి రబ్బరు వాషర్లు కూడా నూనెకు ఉబ్బి కారడం మొదలుపెట్టాయి, వాటిని మార్చి, ప్రతి పిచికారీ తర్వాత ట్యాంకును, గొట్టాన్ని కడిగే అలవాటు చేయాల్సి వచ్చింది.

ఈ తోట చూసి, అదే కలయికను ఆరుబయట టమాటాలో ఆకుమాడు తెగులు మీద వాడిన ఒక పొరుగు రైతుకు ఏ ఫలితమూ రాలేదు. ఆల్టర్నేరియా శిలీంద్రం ఆకు కణజాలంలోకి దిగి మచ్చ చేస్తుంది, ఆరుబయట గాలికీ ఎండకూ నూనె నిలవదు, వాన పడితే మిగిలింది కూడా కొట్టుకుపోతుంది. ఐరోపాలో 2013లో యూజినాల్, జెరానియాల్, థైమాల్‌లకు పంట రక్షణలో వాడేందుకు అనుమతి వచ్చింది. ఆ మూడూ కలిపి ద్రాక్ష కుళ్ళు మీద తయారుచేసిన మందులో నూనె పదార్థాలను ఈస్ట్ కణాల గోడలలో నింపి, నెమ్మదిగా బయటికి వచ్చేలా చేస్తారు. అంత శ్రమ ఎందుకు పడ్డారో ఆ టమాటా చేను చూస్తే అర్థమవుతుంది. పచ్చి నూనెను ట్యాంకులో కలిపి ఆరుబయట కొట్టే రైతుకు ఆ తొడుగు రక్షణ దొరకదు.

తర్వాతి పంటకు బూడిద తెగులును కొంత తట్టుకునే కీర రకం ఎంచుకుని, మొక్కల మధ్య ఎడం పెంచి, కప్పు లోపలి చుక్కలు సాళ్ళ మీద కాక నడక దారుల మీద పడేలా తాళ్ళ వరుసలు జరిపాం. నూనె మోతాదును ఆ రకం లేత ఆకుల మీద మళ్ళీ మొదటి నుంచీ పరీక్షించాం. పాత రకానికి కుదిరిన 1.5 మి.లీ. దీనికీ కుదిరింది. తట్టుకునే రకం మీద వారం ఎడాన్ని పది రోజులకు పెంచవచ్చునా అన్నది నాలుగు సాళ్ళలో చూస్తున్నాం. బూజు తెగులు మచ్చ ఒక్కటి కనిపించినా నూనె కోసం ఆగకుండా ముందు తడి ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలని రైతుతో, పనివారితో కూర్చుని మాట్లాడుకున్నాం.